వసారాలోకి వచ్చిన బీరు జగ్గు

పోయిన మే నెలాఖర్లో, రోహిణి కార్తె మొదలైన వారంలో, మా అత్తవారి ఊళ్ళో అందరం కలిశాం. పర్చూరు దగ్గర ఊరు మాది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా అత్తయ్యకి ఎనభై నిండాయి. పుట్టినరోజులూ కేకులూ ఆవిడకి గిట్టవు. అయినా మనవలూ మనవరాళ్ళూ ఊరుకోలేదు. డల్లాస్ నుంచి మా చిన్నమ్మాయీ అల్లుడూ, బెంగళూరు నుంచి మా అబ్బాయీ, హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పిల్లలూ వచ్చారు. పెద్దా చిన్నా అంతా ఇరవై రెండు మందిమి. ఆ ఎండల్లో ఇరవై రెండు మందికి వంటంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో రోజు సాయంత్రం మా చిన్నమ్మాయి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వు కూర్చో, ఈ పూట తాగడానికి నేను చేస్తా" అంది. మజ్జిగ చేస్తుందేమో అనుకున్నాను. ముందు రోజు రాత్రే లీటరున్నర చన్నీళ్ళలో ఆరు చెంచాల ఆకు టీ వేసి ఫ్రిజ్‌లో పెట్టిందట. మనం రోజూ కాచుకునే గుండ టీ కాదు, పొడుగాటి ఆకులుండే రకం, తనే తెచ్చుకుంది. వేడి నీళ్ళలో మరిగించి చల్లారబెట్టి ఫ్రిజ్‌లో పెడితే టీ మబ్బుగా తేలుతుంది, వగరు కూడా ఎక్కువ. చన్నీళ్ళలో ఎనిమిది గంటలు నాననిస్తే అద్దంలా ఉంటుంది. ఇది మాత్రం నేను దాని దగ్గరే నేర్చుకున్నాను, మీరూ చేసి చూడండి.

ఆ టీని వడకట్టి పెద్ద గాజు జగ్గులో పోసింది. రెండు బంగినపల్లి కాయలు చెక్కు తీసి, ఒకదాన్ని మెత్తగా చేసి కలిపి, రెండోదాన్ని ముక్కలుగా వేసింది. మూడు నిమ్మకాయల రసం, పంచదార పాకం, గుప్పెడు పుదీనా. నానబెట్టిన సబ్జా గింజలు నేనే వేశాను, ఎందుకైనా మంచిదని. ఐసు ముక్కలు పడ్డాక జగ్గు చూస్తే ముద్దొచ్చింది. అందులో సగం ఇంకో జగ్గులోకి వంచింది. "ఇది పిల్లలకీ నాయనమ్మకీ" అని దాంట్లో గోలీ సోడా పోసింది. తర్వాత ఫ్రిజ్ అడుగు అరలోంచి రెండు బీరు సీసాలు తీసింది.

నాకు గుండె ఆగినంత పనైంది. జగ్గుని కాస్త వంచి, అంచు వెంబడి నురగ రాకుండా మెల్లిగా పోస్తోంది, నేనేమో తలుపు వైపు చూస్తున్నాను. పోశాక గరిటెతో గిలక్కొట్టకూడదట, గ్యాస్ పోతుందట. ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పి వదిలెయ్యాలట. "అక్కడ ఎండాకాలంలో ఎవరింటికెళ్ళినా ఇదేనమ్మా, జగ్గు బల్ల మధ్యలో పెడతారు, ఎవరికి కావాలంటే వాళ్ళు పోసుకుంటారు" అంది.

బల్ల మధ్యలో! మా ఇంట్లో మగాళ్ళ తాగుడు బల్ల మీద ఎప్పుడూ లేదు. కొట్టం వెనకా, బావి గట్టునా, ఇప్పుడైతే కారు డిక్కీలో.

నేను ఆపేలోపే రెండు జగ్గులూ వసారాలోకి వెళ్ళిపోయాయి. అత్తయ్య నవారు మంచం మీద కూర్చుని ఉంది. "ఏందే అది, టీనా?" అంది. దానికి అబద్ధం రాదు. "టీనే నాయనమ్మా. దీంట్లో మాత్రం కాస్త బీరు కలిపా. ఆ రెండోది నీకు" అంది.

వసారా అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. అత్తయ్య ఏమందో చెబుతాను. కానీ ఆ నాలుగు క్షణాలు మేమంతా ఎందుకు బిగుసుకుపోయామో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ జగ్గులో ఉన్న ఒక్కొక్కటీ మన ఇళ్ళకి ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చిపెట్టారు అని ఆ తర్వాత చాలా రోజులు చదివాను, మా వాళ్ళని అడిగాను. తవ్వేకొద్దీ వింతలే.

మన వేసవి తాగుడంటే మొదట పానకం. బెల్లం, మిరియాలు, ఏలకులు, నీళ్ళు. గుంటూరు పక్కన మంగళగిరి కొండ మీద పానకాల స్వామి నోట్లో పానకం పోస్తే సగం పుచ్చుకుని సగం మనకి వదులుతాడు. అంత బెల్లం నీళ్ళు ఒలికినా అక్కడ చీమలుండవని చిన్నప్పుడు మా అమ్మ చూపించింది. దాని తర్వాత మజ్జిగ, సుగంధి షర్బత్, తాటి ముంజలు. ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్ళ చేతిమీదుగా అందరికీ వెళ్ళేవే. ఆడా మగా తేడా లేదు, చాటు అసలే లేదు.

ఐసు మాత్రం ఓడెక్కి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన నీళ్ళని కోసి, రంపప్పొట్టులో చుట్టి, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకి పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగిపోయినా మిగిలినది అమ్ముకుని బాగుపడ్డాడు. మద్రాసులో 1842లో దానికోసం ఏకంగా ఒక గుండ్రటి భవనం కట్టించాడు. మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది, ఐస్ హౌస్ అంటారు. 1897లో వివేకానందుడు బస చేసింది అక్కడే. అయితే ఆ ఐసు దొరల గ్లాసుల్లోకే. మా ఊళ్ళాంటి చోట్లకి వచ్చేసరికి ఐసంటే ఊకలో పాతిపెట్టి సైకిల్ మీద తెచ్చే దిమ్మ, అదీ పెళ్ళిళ్ళకి. గోలీ సోడా సీసా కూడా ఇంగ్లండుదే. హిరమ్ కాడ్ అనే ఆయన 1872లో పేటెంట్ తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత పెట్టేస్తుంది. ఆ దేశంలో ఎప్పుడో మూలపడిన సీసాని మనం మాత్రం వదల్లేదు. గుంటూరులో మిర్చి యార్డు నుంచి తుమ్ముకుంటూ బయటికొచ్చిన వాళ్ళకి నిమ్మ సోడా లేకపోతే ప్రాణం నిలవదు కదా.

ఇక టీ. ఇది మనది అనుకుంటాం. మా అత్తయ్య చిన్నప్పుడు వాళ్ళింట్లో టీ లేదు. కాఫీ కొందరి ఇళ్ళల్లో, మిగతా అందరికీ చద్దన్నం నీళ్ళు, మజ్జిగ. అస్సాంలో, నీలగిరుల్లో పండిన టీ అంతా సీమకి పోయేది. అక్కడ అమ్మకాలు పడిపోతుంటే, ఇక్కడి జనానికి అలవాటు చేద్దామని 1903లో టీ మీద సెస్సు వేసి ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930ల్లో అది ఊపందుకుంది. రైల్వే స్టేషన్లలో, సంతల్లో, బళ్ళ మీద ఉచితంగా కప్పులు పంచారు. పాలు తక్కువ వెయ్యాలి, మరగబెట్టకూడదు అని బొమ్మలేసిన పోస్టర్లు కూడా పెట్టారట. మనవాళ్ళు టీ పుచ్చుకుని సలహా వదిలేశారు. చక్కగా పాలూ పంచదారా పోసి కుతకుతలాడించుకున్నారు.

ఐస్ టీ సంగతి ఇంకా తమాషా. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన మన దేశపు టీని ప్రచారం చెయ్యడానికి వెళ్ళాడు. ఎండ మండిపోతుంటే వేడి టీ ముట్టినవాడు లేడు. దాంతో ఐసు వేసి ఇచ్చాడు, జనం ఎగబడ్డారు అంటారు. ఆయనే కనిపెట్టాడనేది మాత్రం నిజం కాదు. 1870ల్లోనే అక్కడి వంట పుస్తకాల్లో ఐస్ టీ ఉంది. కానీ దాన్ని నలుగురి నోటికీ అంటించింది మన టీ అమ్ముకోడానికి వెళ్ళిన మనిషే. మా చిన్నమ్మాయి డల్లాస్‌లో నేర్చుకుని మోసుకొచ్చిన ఐస్ టీ వెనక ఆ కథ ఉందని దానికి తెలియదు, నేనే చెప్పాను.

మా ఊళ్ళో టీ మిరప కళ్ళాల మీదుగా వచ్చింది. అత్తయ్య కాపరానికి వచ్చిన కొత్తలో, అంటే 1960ల్లో, మిరపకాయ కోతలకి వచ్చే కూలీలకి పొద్దున పది గంటలకి టీ ఇస్తేనే వస్తామని అడగడం మొదలైందట. మార్చి, ఏప్రిల్ ఎండలో కళ్ళంలో కాయలు తిరగేస్తుంటే ఒళ్ళంతా మంట, గొంతులో కోరు. అప్పుడు వేడి టీ ఏమిటి అని మీకు అనిపిస్తుంది. తాగి చూస్తే తెలుస్తుంది, మజ్జిగ కంటే టీకే ఆ కోరు తగ్గుద్ది. ఆడ కూలీలకి టీ. మగ కూలీలకి టీతోపాటు సాయంత్రం ఇంకోటి.

ఆ ఇంకోటి దగ్గరికే వస్తున్నాను.

చీరాల, బాపట్ల ఇసుక నేలల్లో తాటిచెట్లకి కొదవ లేదు. కల్లు ఎప్పటి నుంచో ఉంది. నిజం చెప్పాలంటే కష్టం చేసుకునే చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళూ తాగేవాళ్ళు, దానికెవరూ గుండెలు బాదుకోలేదు. 'మన ఆడవాళ్ళు ఎప్పుడూ ముట్టలేదు' అనే మాట మా లాంటి కొన్ని ఇళ్ళ మాట, ఊరందరి మాట కాదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాక చెట్టుకి పన్ను, కొట్టుకి వేలం. అక్కడి నుంచి తాగుడు సర్కారు ఆదాయమైపోయింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో గాంధీగారు కల్లు దుకాణాల ముందు, విదేశీ గుడ్డల దుకాణాల ముందు పికెటింగ్ చెయ్యడం ఆడవాళ్ళ పని అని ప్రత్యేకంగా రాశారు. తాగుడు వల్ల బతుకు పోయేది వాళ్ళకే కాబట్టి అది వాళ్ళకే బాగా తెలుసు అని ఆయన లెక్క.

1937 అక్టోబర్‌లో రాజాజీ సేలం జిల్లాలో మద్యం నిషేధించారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకీ వచ్చింది. మరి పోయిన ఆదాయం ఎలా? 1939లో అమ్మకం పన్ను వేశారు. మనం కొట్టుకెళ్ళి సబ్బు కొన్నా బిల్లు మీద కనిపించే పన్నుకి పూర్వీకుడు అదే. నిషేధం కోసం పుట్టిన పన్ను నిషేధం పోయాక కూడా ఉండిపోయింది, అది వేరే సంగతి. 1948 అక్టోబర్ 2 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం. గుంటూరు జిల్లా కూడా.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది 1954 సంగతి. ప్రకాశం జిల్లా అన్న పేరు ఎవరిదో అందరికీ తెలుసు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టినాయన, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధం వల్ల గీత కార్మికుల బతుకు పోయింది, నాటుసారా పెరిగింది అని అప్పటికే గొడవ. గౌతు లచ్చన్న గీత కార్మికుల కోసం ఉద్యమం నడిపారు. ప్రభుత్వమే వేసిన ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తెయ్యమంది. ప్రభుత్వం ఎత్తలేదు. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానం పెడితే ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. గుండెలు చూపించి తుపాకులకి ఎదురు నిలిచిన మనిషి కుర్చీ కల్లు ముంత దగ్గర పోయింది! మా జిల్లాకి ఆయన పేరు పెట్టుకుని యాభై ఏళ్ళు దాటింది, ఈ సంగతి మాకు బళ్ళో ఒక్కరూ చెప్పలేదు.

ఆ నిషేధం 1960ల చివరిదాకా కాగితం మీద ఉంది. అత్తయ్య మాటల్లో, "నిషేధం ఉన్నప్పుడు చీకట్లో తాగేవోళ్ళు, తీసేశాక లాంతరు పెట్టుకుని తాగారు." తర్వాత సారా వేలాలు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో వచ్చింది. సీసాకైతే బరువుంటుంది, దాచుకోలేరు. ప్యాకెట్ చొక్కా జేబులో పట్టుద్ది. ఊరూరికీ, పొలానికీ, కళ్ళానికీ నడిచొచ్చింది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పడింది. వేసిన మందల్లా వేశారు, దోమ చావలేదు, అప్పులు మిగిలాయి. పురుగు మందు తాగి పత్తి రైతులు చనిపోయిన వార్తలు మన వైపు నుంచి మొదలైంది అప్పుడే. మా మామయ్య మందు తాగలేదు, సారా తాగారు. నేను 1990లో కోడలిగా వచ్చేసరికి మూడెకరాల చెలక అమ్మేశారు. మనిషి మంచివాడు. నన్ను 'అమ్మా' అనే తప్ప పేరు పెట్టి పిలవలేదు. సాయంత్రం అయ్యేసరికి కొట్టం వైపు వెళ్ళేవారు. అత్తయ్య రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళేది. ఊడవడానికి అనుకునేదాన్ని. ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టడానికని చాలా రోజులకి తెలిసింది. గడ్డివాములో దాచినవి కూడా తీసి లెక్కపెట్టేది. ఎవరినీ ఏమీ అనేది కాదు, లెక్క మటుకు ఉండేది ఆవిడ దగ్గర. 1991 శ్రావణంలో మామయ్య పోయారు. కాలేయం అన్నారు. ఆయనకి యాభై రెండు.

పక్కనే నెల్లూరు జిల్లా. అక్కడ 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బళ్ళో చదువుకునే పుస్తకంలో సీతమ్మ అనే ఆడమనిషి కథ ఉంటే, దూబగుంట ఆడవాళ్ళు అది చదివి ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే పేపర్లో చదివాం. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు పెట్టాలని చూసినప్పుడల్లా ఆడవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు, పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. అది మా వైపుకీ పాకింది. మా ఊళ్ళో చింతచెట్టు కింద సారా కొట్టు ముందు మొదటి రోజు ఏడుగురు కూర్చున్నారు. అందులో మా అత్తయ్య ఒకరు. అప్పటికి ఆవిడ విధవరాలై ఏడాది దాటింది. "నీకింకెందుకు, నీ మొగుడు పోయాడు గదా" అని ఎవరో అన్నారట. "అందుకే తీరిగ్గా ఉన్నా" అందట. చంకలో మా పెద్దమ్మాయితో నేను వాళ్ళకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని, ఒక ఫ్లాస్కులో టీ కూడా. పదకొండు రోజులు కూర్చున్నారు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఎన్టీ రామారావు గారు 1994 డిసెంబర్‌లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తేశారు, ఖజానా నిండుకుందని. సారా రాలేదు గానీ బ్రాందీ, విస్కీ, బీరు వచ్చాయి. 2019 అక్టోబర్ నుంచి దుకాణాలు సర్కారే నడిపింది, 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేటు వాళ్ళకి ఇచ్చింది. మా ఊళ్ళో చింతచెట్టు కింద సారా కొట్టు పోయిన చోట టీ బంకు వచ్చింది, ఇప్పటికీ ఉంది. అక్కడి టీ బావుంటుంది కూడా.

బీరు సంగతి వేరు. అది దొరల దండుతో వచ్చింది. 19వ శతాబ్దంలో కసౌలి కొండల మీద ఎడ్వర్డ్ డయ్యర్ బ్రూవరీ పెట్టింది ముఖ్యంగా తెల్ల సోల్జర్ల కోసమే. దాంట్లో మరోటి కలుపుకోవడం కూడా పాత అలవాటే. ఇంగ్లండులో అల్లం సోడా కలిపి షాండీ అంటారు. జర్మనీలో నిమ్మ సోడా కలిపి రాడ్లర్, అంటే సైకిల్ తొక్కేవాడు అంటారట. ఎండన పడి వచ్చినవాడు దాహానికి తాగాలి, కింద పడకూడదు, అదీ ఉద్దేశం. మా చిన్నమ్మాయి టీ జగ్గు ఆ వరసలోదే.

మన దగ్గర మాత్రం బీరు మందు కాదన్నట్టు మాట్లాడతారు. 'బీరే కదా' అంటారు. పెళ్ళిచూపుల్లో కూడా విన్నాను, అబ్బాయికి అలవాట్లేం లేవండి, బీరు తప్ప అని. ఒకసారి లెక్క వెయ్యండి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో అచ్చమైన ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. విస్కీ 42.8 శాతం, అరవై మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో దాదాపు 26. అంటే ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. మా చిన్నమ్మాయి తెచ్చింది ఐదు శాతం ఉండే లైట్ రకం. రెండు సీసాలు టీలో కలిసి పది మంది గ్లాసుల్లోకి వెళ్తే మనిషికి ఆరేడు మిల్లీలీటర్లు. ఈ లెక్క తర్వాత వేసింది. ఆ సాయంత్రం నాకు కనిపించింది లెక్క కాదు, మా మామయ్య వీపు, కొట్టం వైపు వెళ్తూ.

ఇప్పుడు వసారాలోకి రండి.

అత్తయ్య జగ్గు వైపు చూసింది. మామిడి ముక్కలూ పుదీనా తేలుతున్నాయి. "ఎవరు తాగుతారు దీన్ని?" అంది.

"అందరం నాయనమ్మా. ఇష్టమైన వాళ్ళు."

"ఆడోళ్ళూనా?"

"ఆఁ."

"ఇక్కడేనా? నా ముందేనా?"

"ఇక్కడేలే."

మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు, కొట్టం వైపు పోదామా వీధిలోకి పోదామా అన్నట్టు. అత్తయ్య ఆయన్ని చూసి, "నువ్వు కూర్చోరా. ఎక్కడికీ బోమాక" అంది. తర్వాత చిన్నమ్మాయితో, "పొయ్యి. ఎంతెంత పోశావో నాక్కనపడేట్టు పొయ్యి" అంది.

అంతే. గ్లాసులు వరసగా మంచం పక్కన బల్ల మీద పెట్టి పోసింది. ఒక్కొక్క గ్లాసూ ఎవరి చేతిలోకి వెళ్ళిందో ఆవిడ చూసింది. తన గ్లాసులో గోలీ సోడా టీ సగం తాగి, పంచదార ఎక్కువైందంది. నేను తాగానా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. అర గ్లాసు తాగాను. ముందు మామిడి తగిలింది, తర్వాత టీ వగరు, చివర్లో గొంతులో వేపపువ్వు చేదు లాంటిది. ఉగాది పచ్చడి మొహం పెట్టానని మా ఆడపడుచు నవ్వింది. తనైతే రెండోసారి పోయించుకుంది. యాభై ఏడేళ్ళ వయసులో, వాళ్ళమ్మ ముందు. మా ఆయన గ్లాసు పట్టుకుని కూర్చున్నారు గానీ ఎంతకీ తాగలేదు. వాళ్ళమ్మ ఎదురుగా గొంతు దిగలేదట. ఆయనకి కొట్టమే నయం.

మా వదిన ఒకావిడ మర్నాడు నన్ను చాటుకి పిలిచి, "మీ అత్తగారు చింతచెట్టు కింద కూర్చున్న మనిషి, ఇదేంటి వదినా" అంది. నాకూ ఆ రాత్రంతా అదే. నేను ఆపి ఉండాల్సిందా? ఒక మాట మాత్రం చెప్పగలను. ఆ పదకొండు రోజులు వాళ్ళు కూర్చున్నది పుదీనా వేసిన జగ్గు మీద కాదు, ఇంట్లో బియ్యం డబ్బు జేబులో ప్యాకెట్‌గా మారడం మీద. మనవరాలు తన జీతంతో కొని తెచ్చి, అందరి ముందు, పేరు చెప్పి పోసింది. రెండూ ఒకటని నేను అనలేను. ఒకటి కాదని గట్టిగా అనే ధైర్యమూ లేదు. చేదు అలవాటయ్యాక దానికి టీ ఎందుకు, మామిడికాయ ఎందుకు అనే రోజు ఎవరికి వస్తుందో మనకి ముందు తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. ఈ మధ్య కర్ర లేకుండా నడవట్లేదు, అయినా చేతిలో చీపురుంది. నేను పాలు కాస్తున్నాను. ఫ్రిజ్ తలుపు తీసి కిందికి వంగి చూసింది.

"అమ్మాయ్, ఎన్ని తెచ్చారు ఆ సీసాలు?"

"నాలుగు అత్తయ్యా."

"రెండు జగ్గులో పోసింది. నే జూశా. ఇందులో ఒకటే ఉంది."

నేను పొయ్యి కట్టేశాను. మా అబ్బాయి అప్పుడే పైనుంచి, డాబా మీద పడుకున్నవాడు, కళ్ళు నులుముకుంటూ మెట్లు దిగి వచ్చాడు. అత్తయ్య వాణ్ణి ఏమీ అడగలేదు. చీపురు పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"నువ్వెక్కలేవు, నేను చూసొస్తా ఉండు అత్తయ్యా" అన్నాను. చీపురు నా చేతికిచ్చింది.